ఆండ్, ఆర్ కలిసినప్పుడు బ్రాకెట్ ఎక్కడ పెట్టాలి

నేను రాసిన ఆర్డర్ల పేజీలో ఒకసారి ఒక యూజర్‌కి వేరేవాళ్ల ఆర్డర్లు కనిపించాయి. ఎర్రర్ ఏమీ రాలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి, ఎందుకంటే టెస్ట్ డేటాలో ఉన్నదే ఒక్క యూజర్. కండిషన్ ఇదీ:

యూజర్ = 7 ఆండ్ స్టేటస్ = 'పెండింగ్' ఆర్ స్టేటస్ = 'హోల్డ్'

డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ ముందు ఆండ్‌ని కలుపుతుంది, ఆ తర్వాతే ఆర్‌ని. కాబట్టి 7వ యూజర్ పెండింగ్ ఆర్డర్లతో పాటు, హోల్డ్‌లో ఉన్న అందరి ఆర్డర్లూ వచ్చేశాయి. ఆ రోజు పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

అప్పటి నుంచి కోడ్ మొదలుపెట్టే ముందు కండిషన్‌ని తెలుగులో ఒక వాక్యంగా రాసుకుంటున్నాను: "ఈ యూజర్ ఆర్డర్లలో పెండింగ్‌వి గానీ, హోల్డ్‌వి గానీ." 'గానీ' తగిలిన ముక్కలన్నీ ఒకే బ్రాకెట్‌లోకి వెళ్లాలి:

యూజర్ = 7 ఆండ్ (స్టేటస్ = 'పెండింగ్' ఆర్ స్టేటస్ = 'హోల్డ్')

సెర్చ్ ఫారంలో యూజర్ ఏ గడులు నింపుతాడో ముందే తెలియదు కాబట్టి కండిషన్‌ని ముక్కలుగా కట్టాలి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అయితే క్యూ (Q) ఆబ్జెక్టులు ఇందుకే ఉన్నాయి: & అంటే ఆండ్, | అంటే ఆర్, ~ అంటే నాట్. ఆర్ గుంపును విడిగా ఒక వేరియబుల్‌లో కట్టి, చివర్లో & తో కలపండి. ఎవరి డేటా అన్న కండిషన్ మాత్రం ఎప్పుడూ ఆ గుంపు బయటే ఉండాలి.

ఖాళీ గుంపుతో జాగ్రత్త. ఖాళీ క్యూ() ఏ కండిషనూ పెట్టదు. స్టేటస్ ఏదీ టిక్ చేయకపోతే అన్నీ చూపించడం సబబే. కానీ యూజర్‌కి అనుమతి ఉన్న విభాగాల లిస్టే ఖాళీ అయితే ఒక్క వరుస కూడా రాకూడదు. ఈ రెండు సందర్భాలనూ కోడ్‌లో విడివిడిగా రాయండి.

నల్ (అంటే విలువే లేకపోవడం) సంగతి ఇంకా మెలిక. నేరుగా ఎస్‌క్యూఎల్‌లో స్టేటస్ <> 'రద్దు' అంటే స్టేటస్ నల్‌గా ఉన్న వరుసలు రావు. అవీ కావాలంటే "ఆర్ స్టేటస్ ఈజ్ నల్" అని చేర్చాలి, బ్రాకెట్‌తో సహా. 'ఈ లిస్టులో లేనివి' అని అడిగే నాట్ ఇన్ లిస్టులో ఒక్క నల్ దూరినా అసలు ఏ వరుసా రాదు.

యూజర్ ఇచ్చే విలువల్ని ఎస్‌క్యూఎల్ స్ట్రింగ్‌లో అతికించకుండా పారామీటర్లుగానే, అంటే క్వెరీ నుంచి విడిగా, పంపండి. కాలమ్ పేర్లను అలా పంపలేం, వాటిని మీరు రాసిపెట్టుకున్న లిస్టులోంచే తీసుకోవాలి.

టెస్ట్ డేటాలో కనీసం ఇద్దరు యూజర్లుండాలి. ఇద్దరికీ ప్రతి స్టేటస్‌లోనూ ఒక ఆర్డరు, నల్‌తో ఇంకొకటి పెట్టండి.