చిన్న డీజిల్ కారులో పికప్ లేదా? పెద్ద టర్బో కొనే ముందు చూడాల్సినవి

"అన్నా, పికప్ పోయింది. పెద్ద టర్బో వేయిద్దామనుకుంటున్నా, ఏది మంచిది?" హన్మకొండలో మా షెడ్డుకు చిన్న డీజిల్ కార్లు తెచ్చేవాళ్లు చాలామంది అడిగేది ఇదే. ఏది మంచిదో చెబుతాను. దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: ఇప్పుడున్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) కొడుతున్న గాలి ఇంజిన్‌దాకా చేరుతోందా, లేదా? అది చూడకుండా వేలకు వేలు పోసుకుని వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

లక్షణం: ఖాళీగా బాగుంటుంది, బరువు పడితే లాగదు, నల్ల పొగ

ఊళ్లో ఒక్కరే తిరిగినన్నాళ్లు ఏమీ తెలియదు. ఐదుగురు ఎక్కి ములుగు దాటి తాడ్వాయి వైపు పోతూ, ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే 2,000 ఆర్పీఎం పైన పొగ వస్తుంది కానీ బలం రాదు. ఒక్కోసారి చెక్ ఇంజిన్ లైటు వెలిగి బండి లింప్ మోడ్‌లో పడుతుంది, అంటే ఇంజిన్‌ను కాపాడుకోవడానికి బలం తనే తగ్గించుకుంటుంది. స్కానర్ పెడితే పి0299 అనే లోపం కోడ్ వస్తుంది. గాలి ఒత్తిడి తక్కువుందని దాని అర్థం. టర్బో చెడిపోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు.

ముందు ఎయిర్ ఫిల్టరు తీసి చూడండి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండ్లకు ఫిల్టరు మీద, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ముందు దూది పీచు పేరుకుంటుంది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల రోడ్ల మీద తిరిగేవాటికి బూడిదలాంటి దుమ్ము. రెండు నిమిషాల పని, దీన్ని కూడా వదిలేసి వస్తారు.

అసలు దొంగ: ఇంటర్‌కూలర్ హోస్ అడుగున చీలిక

పరకాల నుంచి ఒక ట్యాక్సీ వచ్చింది. ఇవే లక్షణాలు. హోస్‌లు చేత్తో నొక్కి చూశాను, క్లిప్పులు బిగువుగానే ఉన్నాయి. ఐడిల్‌లో ఎక్కడా సౌండు లేదు. టర్బో షాఫ్ట్‌కు (ఇరుసుకు) కొంచెం ప్లే, అంటే వదులు కనిపించింది, టర్బో మార్పించాను. టెస్ట్ డ్రైవ్‌కు పోతే అదే పొగ, అదే ఈడుపు. మూడో రోజు బంపరు విప్పితే హోస్ కింది వంపులో, బొటనవేలంత చీలిక దొరికింది. ఆ డ్రైవరు నెల కిస్తీ డబ్బు ఆ టర్బోకు పోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

ఐడిల్‌లో టర్బో గాలిని దాదాపు ఒత్తదు, కాబట్టి చీలిక మూసుకునే ఉంటుంది. లోడు మీద తొక్కినప్పుడే హోస్ ఉబ్బి నోరు తెరుస్తుంది. అప్పుడు మీరు స్టీరింగ్ దగ్గర ఉంటారు, బానెట్ మూసి ఉంటుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఫిల్టరు దగ్గర కొలిచిన గాలి దారిలోనే బయటకు పోతుంది. అంత గాలీ వచ్చిందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) డీజిల్ కొడుతుంది. కాలడానికి గాలి చాలదు, అందుకే నల్ల పొగ. లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాల్సి వస్తుంది. మామూలుగానే నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా పోయే వస్తువు అది. చీలికను అలాగే వదిలేస్తే మంచి టర్బో కూడా పాడవుతుంది.

హోస్ లోపల పల్చగా ఆయిల్ తడి ఉంటే భయపడకండి, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరిని గాలి దారిలోకి పంపే పైపు) నుంచి కొంత వస్తుంది. బయట ఒకే చోట ఆయిల్‌తో దుమ్ము కలిసి నల్లటి బురదలా అంటుకుంటే మాత్రం అక్కడే గాలి పోతున్నట్టు.

ఖాయం చేసుకోవడానికి గాలి పెట్టి చూడాలి. టర్బోలోకి గాలి వెళ్లే పైపు విప్పి, ఆ నోటికి సరిపోయే పీవీసీ మూతకు ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి, క్లిప్పుతో గట్టిగా కట్టండి. బ్రీదర్ పైపును విడదీసి ఆ దారి మూయండి, లేకపోతే గాలి క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ కింది భాగంలోకి) పోయి సీళ్లు దెబ్బతింటాయి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో మెల్లగా 15 పీఎస్ఐ దాకా పెట్టండి, అంతకు మించొద్దు. మూత ఊడితే తుపాకీ గుండులా వస్తుంది, ముఖం ఎదురుగా పెట్టకండి. హోస్‌ల మీద, ఇంటర్‌కూలర్ రెండు చివర్లా సర్ఫ్ నీళ్లు పోస్తే చీలిక దగ్గర నురగ పొంగుతుంది. వాల్వుల గుండా ఇంజిన్‌లోకి కొంచెం గాలి దిగిపోవడం మామూలే.

చీలిన హోస్‌కు టేపు చుట్టొద్దు, వేడికి వారంలో ఊడుతుంది. కొత్తదే వేయండి. సిలికాన్ హోస్ అయితే లోపల ఫ్లోరో పూత ఉన్నదే అడగండి, మామూలు సిలికాన్‌లోకి ఆయిల్ ఇంకుతుంది.

తర్వాత మూడో గేరులో లోడు మీద స్కానర్ చూడండి. ఈసీయూ కోరిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి దగ్గర దగ్గరగా నడవాలి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే వరంగల్‌లో మ్యాప్ సెన్సర్ (గాలి ఒత్తిడి కొలిచేది) బయటి గాలి ఒత్తిడినే, అంటే 97, 98 కిలోపాస్కల్ దరిదాపుల్లో చూపాలి. అదే తేడాగా ఉంటే సెన్సర్ మార్చండి.

ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కోవడం, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది) మూసుకుపోవడం కూడా అప్పుడప్పుడు కారణమవుతాయి. టైమింగ్ చైన్ సాగడం అరుదు, దాని గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు.

అన్నీ సరిగ్గా ఉండి ఇంకా బలం కావాలంటే

ఫియట్ తయారు చేసిన 1248 సీసీ ఇంజిన్‌నే తీసుకోండి, మన దగ్గర స్విఫ్ట్‌లోనూ వచ్చింది. మామూలు టర్బోతో 75 హెచ్‌పీ, వీజీటీతో (లోపలి రెక్కలు కదిలే టర్బోతో) 90. 90 టర్బో తెచ్చి 75 బండికి తగిలిస్తే 90 రాదు. దాని రెక్కలను నడిపించే కంట్రోల్, దానికి తగిన మ్యాపు (ఎప్పుడు ఎంత డీజిల్, ఎంత గాలి అనే లెక్కల పట్టిక) ఈసీయూలో ఉండాలి. డీజిల్ పెరగకుండా గాలి ఒక్కటే పెరిగితే బలం రాదు.

మరీ పెద్ద టర్బో కూడా వద్దు. టర్బో లోపలి చక్రం బరువెక్కితే ఒత్తిడి ఆలస్యంగా పుడుతుంది, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఉన్న పికప్ కూడా పోతుంది. ఒరిజినల్ సైజుకు ఒక్క మెట్టు పైది చాలు. దాంతో పాటు రీమ్యాప్‌కు (ఈసీయూలో ఆ మ్యాపు మార్చడానికి), క్లచ్‌కు కూడా డబ్బు పక్కన పెట్టుకోండి, టార్క్ పెరిగితే పాత క్లచ్ జారుతుంది. ఆయిల్ ఫీడ్ పైపు తప్పకుండా కొత్తది వేయండి. పాతదానిలో గట్టిపడిన మసి కొత్త టర్బో బేరింగులను ఎండబెడుతుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడిగి, ఏం చెప్పారో కాగితం మీద తీసుకోండి.