బొమ్మ బాగానే వస్తోంది, సౌండే రావట్లేదు: పాత ఆర్కేడ్ మెషిన్ కథ

కాయిన్ వేస్తే క్రెడిట్ పడుతుంది, బొమ్మ శుభ్రంగా వస్తుంది, స్పీకర్ మాత్రం కిక్కురుమనదు. వెంటనే బోర్డు పోయిందని టెన్షన్ పడకండి, చాలాసార్లు తప్పు బోర్డుది కాదు. ఇక్కడ చెప్పేది 1985లో జపాన్‌లో వచ్చిన జామా వైరింగ్ (గేమ్ బోర్డుని క్యాబినెట్‌కి ఒకే రకం కనెక్టర్‌తో కలిపే పద్ధతి) ఉన్న మెషిన్ల గురించి. వీటిలో ఆంప్లిఫైయర్ గేమ్ బోర్డు మీదే ఉంటుంది, క్యాబినెట్‌లో ఉండేది ఉత్త స్పీకర్.

ఊరికే ఆన్ చేసి పెడితే సౌండ్ రావట్లేదా? ముందు క్రెడిట్ వేసి ఆడి చూడండి. ఎవరూ ఆడనప్పుడు సౌండ్ రాకుండా చాలా బోర్డుల్లో డిప్ స్విచ్ (సెట్టింగులు మార్చే బుల్లి స్విచ్) ఉంటుంది. ఇది తెలియక నేనొక సాయంత్రమంతా స్పీకర్ విప్పి, బిగించి, మళ్లీ విప్పాను.

ఆడినా రాకపోతే మెషిన్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి (వెనకాల పిక్చర్ ట్యూబ్ దగ్గరికి చెయ్యి పోనివ్వొద్దు, ఆఫ్ చేశాక కూడా అందులో ఛార్జ్ ఉంటుంది) స్పీకర్ వైరు ఒకటి ఊడదీయండి. మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ స్పీకర్‌కి ఒక్క క్షణం తాకించండి. టప్‌మని కోన్ కదిలితే స్పీకర్ బతికే ఉంది. కదలకపోతే మార్చేయడమే. 8 ఓమ్‌ల స్పీకర్ తీస్తే 8దే పెట్టండి.

స్పీకర్ బాగుంటే అసలు అనుమానితుడు 12 వోల్టులు. గేమ్ నడిచేది 5 వోల్టుల మీద, సౌండ్ ఆంప్లిఫైయర్‌కి చాలా బోర్డుల్లో 12 కావాలి. అందుకే 12 పోయినా గేమ్ హాయిగా ఆడుతూనే ఉంటుంది, మనకి అనుమానమే రాదు. మెషిన్ మళ్లీ ఆన్ చేసి మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు పవర్ సప్లై దగ్గర కాకుండా, బోర్డు తగిలించి ఉండగా కనెక్టర్‌లో 6వ పిన్ను దగ్గర, దాని వెనకవైపు ఎఫ్ పిన్ను దగ్గర కొలవండి. నా మెషిన్‌లో సప్లై దగ్గర 12 చూపించింది, కనెక్టర్ దగ్గర సున్నా, చూస్తే ఆ పిన్ను కాలి నల్లగా మాడిపోయి ఉంది. బోర్డు అంచు మురికిగా ఉంటే మెషిన్ ఆఫ్ చేసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్పీకర్ వైర్లు వెళ్లే 10, ఎల్ పిన్నులు కూడా తుడవండి, అక్కడ మట్టి పట్టినా ఇదే నిశ్శబ్దం.

స్పీకర్ మైనస్ వైరుని గ్రౌండ్‌కి కలపొద్దు. కొన్ని బోర్డుల్లో రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది, అలా కలిపితే ఆంప్లిఫైయర్ ఐసీ అక్కడికక్కడే పోతుంది.

సౌండ్ వస్తూ పోతూ, గరగరమంటూ ఉంటే బోర్డు మీది వాల్యూమ్ నాబ్ అనుకోండి. మెషిన్ ఆఫ్ చేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ని ఇరవై ముప్పై సార్లు ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పితే చాలావరకు సరిపోతుంది. జుయ్‌మనే శబ్దం వస్తుంటే, మెషిన్ పైన పేరు ఉండే బోర్డు వెనకాల ట్యూబ్‌లైట్ ఉంటే దాన్ని ఆపి వినండి, శబ్దం ఆగిపోతే తప్పు చోక్‌ది. ఆగకపోతే ఎండిపోయిన కెపాసిటర్లు, అవి మార్చాలి.

మ్యూజిక్ వస్తోంది, మాటలే రావట్లేదా? అప్పుడు బోర్డుదే తప్పు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డులో మ్యూజిక్ యమహా వైఎం2151 చిప్ నుంచి వస్తుంది, అరుపులూ మాటలూ ఓకీ 6295 నుంచి వస్తాయి. అరుపు రాకపోతే ఓకీని, దాని రోమ్‌లని (ROM, డేటా దాచి ఉండే చిప్‌లు) చూడండి. రెండూ రాకుండా, వాల్యూమ్ పెంచి స్పీకర్ దగ్గర చెవి పెడితే సన్నగా హిస్ వినిపిస్తుంటే, ఆంప్లిఫైయర్ బాగున్నట్టే, సౌండ్ నడిపే జెడ్80 ప్రాసెసర్ చిప్‌నో దాని రోమ్‌నో చూడాలి. మెషిన్ ఆఫ్ చేసి, సాకెట్‌లో ఉన్న రోమ్‌ని మెల్లగా పీకి, కాళ్లు తుడిచి, నాచ్ (చిప్ ఒక చివర ఉండే గాటు) ఎటువైపు ఉందో చూసుకుని మళ్లీ గుచ్చండి. అప్పటికీ రాకపోతే బోర్డు రిపేరు తెలిసినవాళ్లకి ఇచ్చేయండి.