ముందు చక్రాల క్యాంబర్: రోడ్డుకు ఎంత, ట్రాక్‌కు ఎంత, ఎలా మార్చుకోవాలి

కర్నూలులో గానీ అనంతపురంలో గానీ అలైన్‌మెంట్ షాపుకు పోయి "క్యాంబర్ కూడా చూడన్నా" అంటే, "ఈ బండికి క్యాంబర్ సెట్టింగ్ లేదన్నా, టో ఒకటే" అంటారు. అది అబద్ధం కాదు. (క్యాంబర్ అంటే ముందునుంచి చూస్తే చక్రం నిలువుకు ఎంత వాలిందో; టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగాయో. లోపలికైతే టో ఇన్, బయటికైతే టో ఔట్.) స్విఫ్ట్, ఐ20 లాంటి బండ్లకు ముందువైపు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు గొట్టం. దానికి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో వరకే. కాకపోతే స్ట్రట్‌ను నకిల్‌కు (చక్రం హబ్‌ను మోసే ఇనుప దిమ్మ) పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబర్ బోల్టు వేసి మనం దారి చేసుకోవచ్చు. స్ట్రట్ గొట్టం నకిల్‌లోకి దిగి, ఒకే బోల్టుతో బిగుసుకునే రకం బండ్లకు మాత్రం ఇది కుదరదు. వాటికి పైన, స్ట్రట్ పైకొసను జరిపే క్యాంబర్ ప్లేట్లు వేయాల్సిందే. కాబట్టి క్యాంబర్ బోల్టు కిట్ కొనేముందు చక్రం విప్పి చూసుకోండి.

ఇంకో దారి కూడా చూపిస్తారు కొన్ని షాపుల్లో: హైడ్రాలిక్ జాకీ పెట్టి స్ట్రట్‌నే వంచడం. దానికి ఒప్పుకోవద్దు. వంగిన స్ట్రట్‌లో రాడ్ ఒక పక్కకు రుద్దుకుని, సీల్ పోయి ఆయిల్ కారుతుంది.

ఎంత పెట్టాలి

చక్రం పైభాగం లోపలికి వాలితే మైనస్, బయటికి వాలితే ప్లస్. రోజూ తిరిగే బండికి మైనస్ 0.5 నుంచి మైనస్ 1 డిగ్రీ చాలు. మామూలు రోడ్డు టైర్లతో రేస్ ట్రాక్ ఎక్కాలంటే మైనస్ 2 దగ్గర మొదలుపెట్టి, కొలతలు చూసుకుంటూ 2.5 దాకా పోవచ్చు. సెమీ స్లిక్ టైర్లకు (గాడులు తక్కువుండే ట్రాక్ టైర్లు) మైనస్ 3 దాకా అవసరం పడుతుంది.

ఇంత ఎందుకంటే, మలుపులో బాడీ బయటివైపుకు ఒరుగుతుంది. స్ట్రట్ పైకొస బాడీకే బిగించి ఉంటుంది గనుక చక్రం కూడా దానితోపాటే ఒరుగుతుంది. స్ట్రట్ అణిగినప్పుడు కొంత మైనస్ తిరిగి వస్తుంది గానీ, ఒరిగినంత రాదు. అందుకే కంపెనీ సెట్టింగ్‌తో ట్రాక్ ఎక్కితే బయటి చక్రం తన బయటి అంచు మీదే నిలబడి, ఆ భుజం ఒక్కటే అరిగిపోతుంది. స్ప్రింగులు కోసి బండిని దించినవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. లోయర్ ఆర్మ్ (నకిల్ కింది కొసను బండికి కలిపే చేయి) అడ్డంగా సమానంగా ఉండే స్థితి దాటి చక్రంవైపు పైకి లేచిందంటే, అణిగినప్పుడు రావాల్సిన ఆ కొంచెం మైనస్ కూడా రాదు. దించితే మంచిదనుకోవడం ఈ రకం సస్పెన్షన్‌లో ఒక హద్దు వరకే.

మరీ ఎక్కువ పెట్టినా నష్టమే. నిటారుగా బ్రేకు కొట్టినప్పుడు టైరు లోపలి సగమే నేలను పట్టుకుంటుంది, ముందు చక్రాలు త్వరగా లాక్ అవుతాయి. రోడ్డు మీద గాడి ఎటు ఉంటే స్టీరింగ్ అటు గుంజుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. లోపలి అంచు అరిగితే అందరూ క్యాంబర్‌ను తిడతారు. టైరును నిజంగా తినేది ఎక్కువసార్లు టో. 15 అంగుళాల రిమ్ అంచు నుంచి అంచుకు సుమారు 405 మి.మీ. ఉంటుంది. ఒక్కో చక్రానికి 1 మి.మీ. టో ఉందంటే 0.14 డిగ్రీ. అంటే ప్రతి కిలోమీటరుకు ఆ టైరు రెండున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు హైవే మీద సుమారు 150 కిలోమీటర్లు; ఆ లెక్కన ఒక్క ట్రిప్పులో 375 మీటర్లు. ఎండాకాలం మధ్యాహ్నం కాలిపోయే రోడ్డు మీద ఇంత దూరం టైరును పక్కకు రుద్దితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. మైనస్ 1.5 క్యాంబర్, సున్నా టో ఉన్న టైరు, మైనస్ 0.5 క్యాంబర్‌తో 3 మి.మీ. టో ఔట్ ఉన్న టైరు కంటే ఎక్కువకాలం వస్తుంది.

ఈ రెండింటినీ విడదీయలేం కూడా. క్యాంబర్ మార్చితే నకిల్, లోయర్ ఆర్మ్ కొసనున్న లోయర్ బాల్ జాయింట్ మీద లోపలికి వాలుతుంది. టై రాడ్ (స్టీరింగ్ ర్యాక్ నుంచి నకిల్‌కు వచ్చే కడ్డీ) తగిలే చోటు ఆ జాయింట్ కంటే పైన ఉంటే అదీ లోపలికి కదలాలి, కానీ టై రాడ్ పొడవు మారదు. దాంతో చక్రం తిరుగుతుంది. స్టీరింగ్ ర్యాక్ ఇరుసుకు ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి టో ఇన్ వైపుకో ఔట్ వైపుకో పోతుంది. ఎటు పోయిందో ఊహించొద్దు, కొలవండి. క్యాంబర్ మార్చి టో చూడకుండా బండి బయటికి తీస్తే పని సగమే అయినట్టు.

కొలిచే చోటు

ముందుగా లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, వీల్ బేరింగ్ చూడండి. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక అందంటే ముందు అది మార్చాలి. లూజు ఉన్న బండికి ఏ సెట్టింగూ నిలవదు.

నేల సమానంగా ఉండాలి. బేతంచెర్ల బండలు పరిచిన షెడ్డు చూడటానికి చదునుగానే ఉంటుంది గానీ, నీళ్లు పోవడానికి మేస్త్రీ వాలు ఇచ్చే ఉంటాడు. కుడి ఎడమ చక్రాల మధ్య 10 మి.మీ. తేడా ఉంటే కొలతలో 0.4 డిగ్రీ తప్పు వస్తుంది. మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపు తెచ్చి నాలుగు చక్రాలు నిలిచే చోట్లూ చూసుకోండి. తక్కువున్న చోట ప్లైవుడ్ ముక్కలో పలచని టైల్సో పేర్చి, తేడా 2 మి.మీ. లోపలికి తేవాలి. ఆ నాలుగు చోట్లా పెయింటుతో గుర్తులు పెడితే మళ్లీ మళ్లీ ఈ పని ఉండదు.

ముందు చక్రాల కింద గ్రీజు పూసిన రెండు రేకులు ఒకదానిమీదొకటి పెట్టాలి, టైరు స్వేచ్ఛగా జరగడానికి. వెనక చక్రాల కింద అంతే మందం ఉన్న రేకులు. రేకులు లేకపోతే, ప్రతి మార్పు తర్వాత బండిని మూడు మీటర్లు వెనక్కీ ముందుకూ దొర్లించి సస్పెన్షన్‌ను కుదుర్చుకోండి. జాకీ దించిన వెంటనే తీసిన కొలత పనికిరాదు.

గాలి సరిగ్గా ఉండాలి, ట్యాంకు సగం. ట్రాక్ కోసమైతే డ్రైవర్ సీట్లో డ్రైవరంత బరువు పెట్టాలి. ఒక సిమెంటు మూట 50 కిలోలు, మిగతాది ఇసుక సంచితో సరిచేసుకోండి.

కొలవడానికి డిజిటల్ యాంగిల్ గేజ్, వంకర లేని అల్యూమినియం పట్టీ చాలు. పట్టీ టైరుకు కాదు, రిమ్ పై అంచుకూ కింది అంచుకూ ఆనాలి. రిమ్ కొంచెం వంకరగా ఉండొచ్చు కాబట్టి, బండి జరిపి చక్రం అరచుట్టు తిరిగాక మళ్లీ కొలిచి సగటు తీసుకోండి. గేజ్ లేకపోతే తూకంగుండు వేలాడదీసి స్కేలుతో చూడొచ్చు: 15 అంగుళాల రిమ్‌కు పైకీ కిందికీ 7 మి.మీ. తేడా అంటే ఒక డిగ్రీ.

క్యాంబర్ బోల్టు వేయడం

ఒక్కో పక్కకు ఒక బోల్టు, పై రంధ్రంలో. దీని మధ్యలో ఒక పక్కకు ఉబ్బిన భాగం ఉంటుంది. తిప్పితే నకిల్ లోపలికో బయటికో జరుగుతుంది. కిట్‌లు పాత బోల్టు మందాన్ని బట్టి 12, 14, 16 మి.మీ. అని అమ్ముతారు. కొలిచి కొనండి. మార్పు సాధారణంగా ఒకటిన్నర డిగ్రీల దాకా వస్తుంది.

చక్రం నట్లు నేల మీదుండగానే వదులు చేసి, జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రం తీయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్ట్రట్‌కు తగిలించిన బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు క్లిప్పులు విప్పండి. ఇది మరిచి నకిల్‌ను వాలిస్తే వైరు తెగుతుంది. పాత బోల్టు తలకాయ కింద పళ్లు ఉంటే తలకాయను తిప్పొద్దు, దాన్ని పట్టుకుని నట్టునే తిప్పాలి. తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే ఆయిల్ వేసి ఉంచండి.

రెండు బోల్టులూ ఒకేసారి తీయకండి. నకిల్ బయటికి పడిపోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడి వస్తుంది, ఆ తర్వాత పని మూడింతలు. కింది బోల్టు వదులు మాత్రమే చేసి, లోయర్ ఆర్మ్ కింద చిన్న జాకీ ఆనించి, పై బోల్టు తీసి కొత్తది దూర్చండి. ట్యాబ్ వాషర్ ఏ దిక్కుకు ఉండాలో కిట్ కాగితంలో బొమ్మ ఉంటుంది. తిరగేస్తే మైనస్‌కు బదులు ప్లస్ వస్తుంది.

కావలసినంత తిప్పి, నకిల్ పైభాగాన్ని చేత్తో లోపలికి నెట్టి పట్టుకుని బిగించండి. కింది బోల్టుకు మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్, క్యాంబర్ బోల్టుకు కిట్‌లో రాసిన టార్క్. ఈ రెండూ ఒకటి కావు. క్యాంబర్ బోల్టు సన్నగా ఉంటుంది, పాత బోల్టు లెక్కన బిగిస్తే సాగిపోతుంది. తక్కువ బిగిస్తే మొదటి పెద్ద గుంతకే జారుతుంది. మరలకు గ్రీజు పూస్తే టార్క్ రెంచ్ అంకె తప్పవుతుంది. లాక్ నట్లు కొత్తవే వాడండి.

చక్రం వేసి టైరుకూ స్ట్రట్‌కూ మధ్య ఎంత సందుందో వేలు పెట్టి చూడండి. బోల్టు దగ్గర వాల్చినప్పుడు టైరు పైభాగం స్ట్రట్ దగ్గరికి వస్తుంది. 5 మి.మీ. కంటే తక్కువుంటే క్యాంబర్ తగ్గించాలి, లేదా హబ్‌కూ రిమ్‌కూ మధ్య 3 మి.మీ. స్పేసర్ వేసి స్టడ్‌కు ఎన్ని మరలు పడుతున్నాయో లెక్క చూసుకోవాలి. క్యాంబర్ ప్లేట్లకు ఈ బాధ లేదు, స్ట్రట్ మొత్తం కదులుతుంది గనుక. అయితే వాటి బేరింగులకు మన దుమ్ము పడదు, చప్పుడు మొదలవుతుంది. రోజూ తిరిగే బండికి బోల్టులే మేలు.

కుడి ఎడమల మధ్య తేడా 0.3 డిగ్రీ మించకూడదు. మన రోడ్లు ఎడమకు వాలి ఉంటాయి కాబట్టి బండి కొంచెం ఎడమకు లాగుతుంది. ప్లస్ వైపు ఎక్కువున్న చక్రం దిక్కుకే బండి పోతుంది గనుక, ఎడమ చక్రానికి 0.2 డిగ్రీ మైనస్ ఎక్కువిస్తే సరిపోతుంది. ట్రాక్ సెట్టింగ్‌లో రెండూ సమానం.

టో

బండికి రెండు పక్కలా హబ్ ఎత్తులో దారం కట్టాలి. దారాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ముందు వెనక చక్రాల మధ్య వెడల్పు వేరుగా ఉంటుంది కాబట్టి దూరం హబ్ మధ్య నుంచి చూసుకోండి: ముందు రెండు హబ్‌లకూ ఒకే దూరం, వెనక రెండు హబ్‌లకూ ఒకే దూరం. తర్వాత స్టీరింగ్ నేరుగా కట్టేసి, ప్రతి ముందు చక్రానికీ రిమ్ ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంత దూరమో కొలవండి. ముందు అంచు దారానికి దగ్గరగా ఉంటే టో ఔట్.

రోడ్డుకు సున్నా నుంచి మొత్తం 1 మి.మీ. టో ఇన్. ట్రాక్‌కు మొత్తం 1 నుంచి 2 మి.మీ. టో ఔట్, మలుపులోకి చురుగ్గా దిగడానికి. టై రాడ్ మర పిచ్ 1.5 మి.మీ., స్టీరింగ్ ఆర్మ్ 130 మి.మీ. ఉందనుకుంటే, ఒక పూర్తి చుట్టుకు రిమ్ దగ్గర నాలుగున్నర మి.మీ. పైనే మారుతుంది. కాబట్టి ఎనిమిదో వంతు చుట్టు చొప్పున, రెండు పక్కలా సమానంగా తిప్పండి. లేకపోతే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది.

ట్రాక్ మీద సరిచూసుకోవడం

మనకు అందుబాటులో ఉన్నవి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే. గువ్వలచెరువు ఘాట్ ట్రాక్ కాదు. లారీల మధ్య అక్కడ సెట్టింగ్ పరీక్షించే పని పెట్టుకోవద్దు.

నాలుగైదు ల్యాపులు వేడెక్కేలా తిప్పి, కూలింగ్ ల్యాప్ లేకుండా పిట్‌లోకి వచ్చి, సూది ఉన్న పైరోమీటర్‌ను (వేడి కొలిచే పరికరం) రబ్బరులోకి 2 మి.మీ. గుచ్చి లోపల, మధ్య, బయట మూడు చోట్లా చదవండి. పైపైన చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ కంటే ఇదే నమ్మకం, పై పొర క్షణాల్లో చల్లారుతుంది. లోపలి అంచు బయటి కంటే 5 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ ఎక్కువుంటే క్యాంబర్ సరిపోయింది. బయటిది ఎక్కువ వేడిగా ఉంటే మైనస్ ఇంకో అర డిగ్రీ పెంచండి. లోపలిది 12 దాటి ఎక్కువుంటే తగ్గించండి. మధ్య భాగం రెండింటికంటే వేడిగా ఉంటే తప్పు గాలిది, క్యాంబర్‌ది కాదు. పైరోమీటర్ లేనివాళ్లు టైరు భుజం మీద సుద్దముక్కతో గీత గీసి చూడండి. పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తు ఉన్న టైర్లలో, సుద్ద ఆ త్రికోణం కొస దాకా చెరిగితే సరి. అది దాటి చెరిగితే మైనస్ చాలలేదు, లేదా గాలి తక్కువైంది.

ట్రాక్‌కు టో ఔట్ సెట్టింగ్‌తో కడప నుంచి 250 కిలోమీటర్లు నడిపి పోవద్దు. క్యాంబర్ బోల్టు తలకాయ మీద రోడ్డుకు తెల్ల గీత, ట్రాక్‌కు ఎర్ర గీత వేసుకుని, టై రాడ్ ఎన్ని వంతులు తిప్పాలో కాగితం మీద రాసుకుంటే అక్కడే ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోటు) మార్చుకోవచ్చు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే పోయేవాళ్లకు ఈ తంటా అక్కర్లేదు: మైనస్ 1.5, సున్నా టో పెట్టి అలాగే వదిలేయండి, ఐదువేల కిలోమీటర్లకోసారి టైర్లను ముందువి వెనక్కి మార్చుకుంటే చాలు.

ఏ సెట్టింగ్ అయినా మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బోల్టులను, చక్రం నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. గీత జరిగిందంటే బోల్టు జారినట్టే; దాన్నే మళ్లీ బిగించకుండా కొత్తది వేయండి.