నాటకం చివరిదాకా చూసి నెల్లిమర్ల చేరడం ఎలా

కిందటి చలికాలంలో ఒక రాత్రి, ఆఖరి బస్సు వెళ్లిపోతుందన్న భయంతో, విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలో పద్యనాటకం కాటిసీను మొదలవుతుండగా నాన్నగారిని లేపి బయటికి తీసుకొచ్చాను. డెబ్బై ఆరేళ్ల మనిషి. హార్మోనియం వినబడినంతసేపూ మెట్ల మీద ఆగి ఆగి దిగారు. బస్సు దొరికింది గానీ నెల్లిమర్లలో మా ఇల్లు చేరేదాకా ఆయన నోరు విప్పలేదు. 1892లో కన్యాశుల్కం తొలిసారి ఆడిన ఊరిది. ఇక్కడికి వచ్చి చివరి రంగం వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధే. అందుకే తిరుగు ప్రయాణం తేల్చుకున్నాకే ఇంట్లోంచి బయలుదేరుతున్నాం.

ముందు నాటకం ఎప్పుడు ముగుస్తుందో లెక్క కట్టుకోండి. ఆహ్వానపత్రంలో సాయంత్రం ఆరు అని ఉన్నా, జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు అయ్యాకే తెర లేస్తుంది. పోటీ నాటికలైతే ఒక్కొక్కటి దాదాపు గంట, మధ్యలో సెట్టు మార్చడానికి పావుగంట. మూడు నాటికలుంటే పది దాటుతుంది. పద్యనాటకానికి ఈ లెక్క చాలదు. రాగం బాగా తీస్తే జనం ‘వన్స్‌మోర్’ అంటారు, నటుడు పద్యం మళ్లీ అందుకుంటాడు. మరో గంట కలుపుకోండి.

బస్సును నమ్ముకున్నవారు ఆర్టీసీ కాంప్లెక్సులో దిగగానే, ఆ రాత్రి తమ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో విచారణ కౌంటరులో అడగాలి. నిరుడున్న సర్వీసు ఈ ఏడు ఉండకపోవచ్చు. 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు సంచిలో ఉంచుకోండి. చీపురుపల్లి వైపు వెళ్లేవారికి రైలూ ఉంది; ఎంత ఆలస్యమో 139కి ఫోను చేసి తెలుసుకోవచ్చు.

నాకు మాత్రం అన్నిటికన్నా నమ్మకం మా ఊరి ఆటో. రాత్రి పదిన్నరకు హాలు బయట దొరికే ఆటో డ్రైవరు రెట్టింపు అడుగుతాడు. అందులో అతని తప్పు లేదు, తిరిగి ఖాళీగా రావాలి కదా! మన ఊరి మనిషైతే ఎలాగూ ఇల్లు చేరవలసినవాడే. మధ్యాహ్నమే మాట్లాడుకోండి: రానూ పోనూ ఎంత, ఆగినందుకు ఎంత. కొంత బయానా ఇచ్చి, మిగతాది ఇంటి ముందు దిగాక ఇవ్వండి. ‘పదింటికి రా’ అనకండి. ‘పదికీ పదకొండున్నరకీ మధ్య, నేనే ఫోను చేస్తాను’ అనండి.

ఇంకొక మాట. అతన్ని చలిలో వదిలేయకండి. మన దగ్గర చాలా నాటకాలకు టికెట్టు ఉండదు. ‘లోపలికి వచ్చి చూడు తమ్ముడూ’ అని పిలవండి. మా డ్రైవరు మొదటిసారి వెనక తలుపుకు భుజం ఆనించి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. పద్యం ఎత్తుకోగానే తాళంచెవి ఆగిపోయింది. ఇప్పుడు ‘ఎప్పుడమ్మా నాటకం?’ అని తనే అడుగుతున్నాడు.

ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు ఎక్కేముందు ఆటో నంబరు ఫొటో తీసి ఇంటికి పంపండి. ఏ అనుమానం వచ్చినా 112 నొక్కండి. విరామంలో పక్కవారిని ‘మీది ఏ ఊరండీ?’ అని పలకరించండి. అలా అడిగే ఒకసారి గజపతినగరం దంపతుల కారులో ఒక అమ్మాయికి చోటు దొరికింది.

పెద్దవాళ్లుంటే తలుపు దగ్గరి వరుసలో, నడవ పక్క కుర్చీ పట్టుకోండి. శాలువా మరవకండి.

మొన్న నాటకం పూర్తయ్యాక నాన్నగారు తిన్నగా గ్రీన్‌రూముకు నడిచారు. హరిశ్చంద్ర వేషధారి రంగు తుడుచుకుంటూ ఉంటే, ఆయన చేతులు రెండూ పట్టుకుని పదిహేను నిమిషాలు కదల్లేదు. ఆ పదిహేను నిమిషాలు కూడా ఆటో బేరంలో కలుపుకోండి.