దోల్ పండుగ నేపథ్యంలో బెంగాలీ ప్రేమ పాట వీడియో ఎలా తీయాలి?

వసంతం, ప్రేమ, బెంగాలీ పాట అనగానే చాలామంది రెండు బస్తాల గులాల్ కొనేసి, స్లో మోషన్‌లో ఒకరి మొహాన ఒకరు కొట్టుకునే షాట్లు తీసేస్తారు. అది హోలీ పాట అవుతుంది, ఏ ఊళ్లో తీసినా ఒకేలా ఉంటుంది. దోల్ అంటే బెంగాల్‌లో హోలీయే, కానీ పశ్చిమ బెంగాల్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ విద్యాలయం ఉన్న శాంతినికేతన్‌లో దాన్ని వసంతోత్సవంగా చేసే తీరు వేరు. అక్కడ పిచికారీల కంటే పొడి ఆబీర్‌దే, అంటే గులాల్‌దే, పెత్తనం. పెద్దవాళ్ల పాదాల మీద కాస్త వేసి దణ్ణం పెడతారు, తోటివాళ్ల బుగ్గకు రాస్తారు. ప్రేమ పాటకు అసలు సరుకు ఇదే: ఎవరు ఎవరి బుగ్గకు, ఎంతసేపు ఆగి, ఎప్పుడు రాస్తారన్నదే కథ. ఆ షాట్ ఒక్కటే ఉండాలి, మిగతా వీడియో అంతా దానికోసం ఎదురుచూసేలా ఉండాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నా.

1. ముందు పాట సంగతి తేల్చుకోండి

రవీంద్రుడి పాట వాడాలనుకుంటే దారి సులువే. ఆయన 1941లో పోయారు, రచనల మీద కాపీరైట్ 2001 డిసెంబర్ 31తో ముగిసింది. సాహిత్యం, బాణీ ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఎవరో గాయని పాడిన రికార్డింగ్ ఎత్తుకొచ్చి పెట్టేస్తే కుదరదు, ఆ రికార్డింగ్ మీద హక్కులు వేరే ఉంటాయి, యూట్యూబ్‌లో ఎక్కించీ ఎక్కించకముందే క్లెయిమ్ వచ్చి కూర్చుంటుంది. మీరే కొత్తగా పాడించుకోండి. ఇంకో పెద్ద బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం గీతాలతో మాత్రం జాగ్రత్త, ఆయన పోయింది 1976లో, అంటే హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. కొత్త పాట చేయిస్తే రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, పాడినవాళ్లు అందరితోనూ ముందే కాగితం రాయించుకోండి. స్నేహితులే కదా అని వదిలేస్తే పాట హిట్టయ్యాక తెలుస్తుంది.

బాణీ చేయించేటప్పుడు ఒక మాట. రవీంద్ర సంగీతంలోనూ పాత బెంగాలీ పాటల్లోనూ పల్లవి, చరణం అయ్యాక సంచారి అని ఒక ముక్క వస్తుంది, అక్కడ బాణీ కింది స్వరాల్లోకి దిగి కాసేపు వేరే దారిలో నడుస్తుంది, తర్వాత మళ్లీ వినిపించదు. ఇప్పటి పాటల్లో దీన్ని చాలామంది వదిలేస్తున్నారు. మీరు వదలకండి. ఆబీర్ రాసే షాట్ పెట్టడానికి అంతకంటే మంచి చోటు పాటలో ఇంకెక్కడా దొరకదు. వాయిద్యాల్లో ఎస్రాజ్ (కమానుతో వాయించే తంత్రీ వాద్యం), ఖోల్ (మట్టి మృదంగం), మందిర (చిన్న తాళాలు), దోతారా (మీటి వాయించే తంత్రీ వాద్యం) ఉంటే చాలు.

2. తేదీ: పండుగది కాదు, పువ్వుది చూడండి

దోల్ ఫాల్గుణ పున్నమికి వస్తుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. 2024లో మార్చి 25న వచ్చింది, 2026లో మార్చి 3న. పలాశ్ పువ్వు మాత్రం క్యాలెండర్ చూసి పూయదు. పలాశ్ అంటే మన మోదుగే, తెలంగాణలో హోలీకి మరగబెట్టి రంగు తీసేది దీన్నే. ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి మధ్య వరకు చెట్టు మీద ఆకు కనపడకుండా ఎర్రగా ఉంటుంది, ఆ తర్వాత రాలిపోతుంది. దోల్ ఆలస్యంగా వచ్చిన ఏడాది పండుగకని వెళితే మోడు చెట్లే మిగులుతాయి. పైగా పండుగ రోజు ఆ జనంలో ట్రైపాడ్ నిలబెట్టే సందు కూడా ఉండదు, లాడ్జీల రేట్లేమో ఆకాశంలో ఉంటాయి. రెండు వారాల ముందు వెళ్లి పూల మధ్య తీసుకోండి. నిజమైన గుంపు షాట్లు కావాలంటే పండుగ రోజున ఒక్క కెమెరామన్‌ని పంపితే చాలు.

3. చోటు

శాంతినికేతన్‌లో ఋతు ఉత్సవాన్ని 1907లో మొదలుపెట్టింది రవీంద్రుడి చిన్న కొడుకు శమీంద్రనాథ్, చిన్న పిల్లాడు, అదే ఏడాది కలరాతో పోయాడు. ఇప్పుడు మనం చూసే వసంతోత్సవానికి మూలం అక్కడే ఉందంటారు. అయితే అక్కడ రవీంద్రుడు పెట్టిన విశ్వభారతి విశ్వవిద్యాలయం ఆవరణలో తీసేద్దాం అనుకుని టికెట్లు బుక్ చేసుకోకండి. కొన్నేళ్లుగా పండుగ రోజు బయటి జనాన్ని లోపలికి రానివ్వడం లేదు, 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన చోటు కూడాను. రాతపూర్వక అనుమతి లేకుండా కెమెరా బయటికి తీయొద్దు.

బయట చోట్లకు కొదవలేదు. సోనాఝురి అడవి, ఖోయాయి దగ్గర వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి గట్లు, కోపాయి నది ఒడ్డు, అన్నీ శాంతినికేతన్ పక్కనే ఉన్న బోల్‌పూర్ స్టేషన్ నుంచి టోటోలో వెళ్లే దూరమే. టోటో అంటే అక్కడి ఈ-రిక్షా. సోనాఝురి అటవీ శాఖ భూమి, అక్కడ రంగులు చల్లడం మీద ఆంక్షలు కూడా పెడుతున్నారు, ముందే అడగండి. అక్కడి హాట్‌లో, అంటే సంతలో, పాడే బౌల్ గాయకులు (బెంగాల్ జానపద తత్త్వాలు పాడేవాళ్లు) ఫ్రేములోకి వస్తే డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. ఊరికే తీసుకుని వచ్చేయడం మర్యాద కాదు.

పూలే ముఖ్యం అనుకుంటే పశ్చిమ బెంగాల్‌లోనే ఉన్న పురులియా జిల్లాకు వెళ్లండి. అజోధ్యా కొండలు, బరంతి చెరువు చుట్టుపక్కల మోదుగ చెట్లు దండిగా ఉంటాయి, జనం తక్కువ, ఎండ ఎక్కువ. నా ఓటు దానికే.

4. బట్టలు, సరంజామా

అమ్మాయికి బసంతి రంగు చీర, అంటే ఆవపువ్వు పసుపు. ఎర్ర అంచు తెల్ల చీర కట్టించి, బెంగాలీతనం వచ్చేసిందనుకోకండి; అది చూడగానే బెంగాలీవాళ్లకు దుర్గాపూజ విజయదశమి, ఆ రోజు ఆడవాళ్లు ఒకరికొకరు సిందూరం పూసుకునే సిందూర్ ఖేలా గుర్తొస్తాయి. అబ్బాయికి నూలు పంజాబీ, అక్కడ కుర్తాను అలాగే అంటారు, కాంథా కుట్టుదో బాటిక్‌దో అయితే మరీ మంచిది. ఒకే చీర మూడు కొనండి, ఎందుకో కింద చెబుతా. జడలో పలాశ్ పెట్టాలంటే రాలిన పూలు ఏరుకోండి, కొమ్మలు విరిచారంటే ఊళ్లోవాళ్లు నిలదీస్తారు, నిలదీయాలి కూడా.

ఇంటి సీను ఉంటే పళ్లెంలో మఠ్, ఫుట్‌కడాయ్ పెట్టండి. మఠ్ అంటే మన పంచదార చిలకల్లాంటిదే, గుడి గోపురం ఆకారంలో గులాబీ, పసుపు రంగుల్లో పోస్తారు. ఫుట్‌కడాయ్ పంచదార పట్టించిన వేయించిన శనగలు. క్లోజప్‌లో ఆ రెండూ కనపడితే బెంగాలీ ప్రేక్షకుడికి చిన్నతనం గుర్తొస్తుంది, మీరు డైలాగు పెట్టక్కర్లేదు.

5. షూటింగ్

హైదరాబాద్ నుంచి వెళ్లే టీములు వెలుగు లెక్క తప్పుతారు. మార్చి మధ్యలో మనకు సూర్యాస్తమయం ఆరున్నర ప్రాంతంలో, బోల్‌పూర్‌లో ఆరు కాకముందే అయిపోతుంది. నాలుగు నుంచి ఐదున్నర వరకే మీకు బంగారం లాంటి వెలుగు. ఆబీర్ దుమ్ము గాల్లో కనపడాలంటే సూర్యుడు నటుల వెనక ఉండాలి, వాళ్ల వెనక చెట్ల నీడ లాంటి నల్లటి నేపథ్యం ఉండాలి. తెల్లటి ఆకాశం మీద ఎంత చల్లినా తెలియదు, బస్తా దండగ.

షాట్ల వరుస ఇలా వేసుకోండి: ముందు రంగులేని మొహాలతో ఉన్నవన్నీ, పాటలో ఎక్కడ వచ్చినా సరే. తర్వాత బుగ్గ మీద ఒక్క చార ఉన్నవి. గుంపు, గోల, తల నిండా రంగు చిట్టచివర. ఒక్కసారి రంగు పడ్డాక కడిగినా గులాబీ ఛాయ పోదు, మూడు చీరలు అందుకే. ప్రతి షాట్ అయ్యాక మొహానికి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నటులకు ముందే మొహానికీ జుట్టుకూ కొబ్బరినూనె రాయించండి, కాంటాక్ట్ లెన్సులు తీయించేయండి.

ఆ ముఖ్యమైన షాట్‌లో చెయ్యిని తొందరపెట్టకండి. వేళ్లకు ఆబీర్ అద్దుకోవడం, చెయ్యి లేవడం, మధ్యలో ఆగడం, అమ్మాయి కళ్లు దించకుండా చూడటం, అప్పుడు బుగ్గ. ఒక్క కట్ కూడా లేకుండా తీయండి. అమ్మాయే ముందు రాస్తే ఇంకా బాగుంటుంది, అబ్బాయి రాసేది వందసార్లు చూశాం.

స్లో మోషన్‌లో పెదాలు పాటతో కలవాలంటే చిన్న లెక్క ఉంది. వీడియో 25 ఫ్రేములదైతే 50 ఫ్రేముల్లో తీయండి, సెట్లో పాటను రెండింతల వేగంతో ప్లే చేయండి, నటులు ఆ వేగంలోనే పాడాలి. సగానికి నెమ్మదించాక సరిగ్గా కూర్చుంటుంది. వినడానికి కార్టూన్ పాటలా ఉంటుంది, నవ్వు ఆపుకోవడం వాళ్ల పాట్లు.

నటించేది తెలుగువాళ్లయితే లిప్ సింక్‌కి ఇంకో టెన్షన్: బెంగాలీలో చాలాచోట్ల అకారాన్ని 'ఒ'లా పలుకుతారు, బసంత అని రాసి ఉన్నది నోట్లో బొషొంతో అవుతుంది, పెదాలు గుండ్రంగా రాకపోతే క్లోజప్‌లో దొరికిపోతారు. బెంగాలీ తెలిసినవాళ్లను మానిటర్ దగ్గర కూర్చోబెట్టండి.

లెన్సుకు ఫిల్టర్ తగిలించండి, ఆరుబయట లెన్సులు మార్చకండి, దుమ్ము పడితే గుడ్డతో తుడవకుండా బ్లోయర్‌తో ఊదండి.

ఇక ముందురోజు రాత్రి వేసే న్యాడాపోడా మంట, అంటే మన కామదహనం లాంటిది, తీయాలనిపిస్తే తీయండి కానీ దాని దగ్గర ఆబీర్ ఎగరేయకండి. పిండితో చేసిన రంగు పొడి గాల్లో లేచినప్పుడు భగ్గుమంటుంది. 2015లో తైవాన్‌లోని ఒక వాటర్ పార్కులో ఇలాగే అంటుకుని 15 మంది చనిపోయారు.

6. ఎడిటింగ్, విడుదల

దోల్‌కు వారం ముందు బయటికి రావాలి. పండుగ మార్చి మొదట్లోనే వచ్చే ఏడాది పూలు పూసేదీ మీరు ఎడిట్ చేసేదీ ఒకే సమయం అవుతుంది కాబట్టి, ఈ ఏడాది తీసి వచ్చే ఏడాదికి దాచుకోవడమే మేలు. కలర్ గ్రేడింగ్‌లో నారింజ రంగు మరీ పెంచకండి, పలాశ్ ప్లాస్టిక్ పువ్వులా కనపడుతుంది. టైటిల్ బెంగాలీ లిపిలో వేస్తే చదవడం వచ్చినవాళ్లకు చూపించాకే ఎక్కించండి. సాఫ్ట్‌వేర్‌లో ఫాంట్ సరిగా పడకపోతే తెలుగులో ఒత్తులు విడిపోయినట్టే అక్కడా జంటాక్షరాలు విడిపోతాయి, అక్షరానికి ముందు రావాల్సిన గుణింతం గుర్తు వెనక్కి పోతుంది.