కుర్చీలు తర్వాత కొనొచ్చు, ముందు ఒక్క స్టేషన్ సరిచెయ్యండి

ఎర్గోనామిక్స్ (పనిని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చడం) అనగానే చాలా ఫ్యాక్టరీల్లో కొత్త కుర్చీలకి ఆర్డర్ పెట్టేస్తారు, షాప్ ఫ్లోర్‌లో చాలామంది అసలు కూర్చోనే కూర్చోరు! అందుకే డబ్బు తీసేముందు, రీవర్క్ (చేసిన పీసునే మళ్ళీ సరిచెయ్యడం) ఎక్కువ వచ్చే స్టేషన్, అంటే పనిచేసే చోటు, ఏదో, డ్యూటీ వేస్తే జనం మార్చమని అడిగే స్టేషన్ ఏదో చూడండి. చాలాసార్లు రెండూ ఒకటే స్టేషన్ అవుతుంది, ఎందుకంటే షిఫ్టంతా చేతులు భుజం పైకెత్తి స్క్రూలు బిగిస్తే చివరికి పట్టు సడలిపోద్ది, బిట్టు జారి థ్రెడ్ పాడవుద్ది, పీస్ వెనక్కొస్తుంది.

ఏదీ కదపకముందే సైకిల్ టైమ్ (ఒక్క పీసుకి పట్టే సమయం), రీవర్క్, లీవులు, మానేసినవాళ్ళ లెక్క రాసిపెట్టుకోండి, లేకపోతే రేపు అకౌంట్స్ వాళ్ళు ఏం లాభం వచ్చిందంటే నోరు తెరవలేరు. తర్వాత పని చేస్తుంటే పక్కనుంచి వీడియో తీసి (చెప్పే తియ్యండి, లేకపోతే తప్పులు పట్టడానికొచ్చారనుకుంటారు) రూలా షీటులో, అంటే మెడ, నడుం, చేతులు ఎలా ఉన్నాయో చూసి మార్కులేసే షీటులో, స్కోర్ వేస్కోండి. 1993 నాటి పద్ధతి, 1 నుంచి 7 దాకా ఉంటుంది, 7 వస్తే వెంటనే మార్చాల్సిందే.

ఇప్పుడు బెంచ్ ఎత్తు, అన్నిటికంటే ఎక్కువ తేడా ఇక్కడే. మోచేతిని బట్టి కొలవండి: సన్నపని అయితే దానికి 5 సెంటీమీటర్లు పైన, మామూలు అసెంబ్లీ 5 నుంచి 10 కింద, బలంగా నొక్కే పని ఇంకా కిందికి. ఎత్తు మారే బెంచ్ కొనలేకపోతే పొడుగువాళ్ళకి సెట్ చేసి పొట్టివాళ్ళకి కింద గట్టి ప్లాట్‌ఫామ్ వెయ్యండి.

బరువులు ఎత్తే దగ్గర నియోష్ (పనివాళ్ళ భద్రత, ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ) ఫార్ములాలో 23 కిలోలు అని ఉంటుంది, అది చూసి అందరూ 23 దాకా ఓకే అనుకుంటారు, కాదు, అది అన్నీ అనుకూలంగా ఉంటేనే. చీలమండల మధ్య నుంచి బాక్సు పట్టుకున్న చేతులదాకా దూరం 25 సెంటీమీటర్ల నుంచి 50కి పెరిగితే చాలు, మిగతావన్నీ బాగున్నా లిమిట్ 11.5కి పడిపోద్ది. అందుకే బిన్నుని (సామాను ఉండే డబ్బా) నేలమీంచి స్టాండ్ మీదకెక్కించి, మనిషివైపు వంచి, దగ్గరికి లాగండి. నడుం బెల్టులు పంచడం దీనికి బదులు కాదు.

రొటేషన్ పెడితే వేరే కండరాలు వాడే పనికి మార్చండి, స్క్రూలు బిగించే చోటు నుంచి స్క్రూలు బిగించే ఇంకో చోటుకి మార్చి ఏం లాభం?

నెల తర్వాత అవే లెక్కలు మళ్ళీ తియ్యండి. మొదటి కొన్నిరోజులు చేతులు పాత అలవాటులోనే ఉంటాయి కాబట్టి సైకిల్ టైమ్ పెరగొచ్చు, కంప్లయింట్లు కూడా పెరగొచ్చు, అడిగేవాళ్ళున్నారని తెలిశాక జనం నొప్పులు బయటికి చెప్తారు, అది చూసి ప్రాజెక్ట్ ఆపెయ్యకండి.