థర్మోస్టాట్ మార్చే ముందు సీ వైరు చూడండి

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి, అనంతపురం నుంచి అమెరికాకు కొత్తగా వచ్చిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, హీటింగ్ ఆగిపోయింది, బయట మైనస్ 18 ఉంది." పోయి చూస్తే స్మార్ట్ థర్మోస్టాట్ పెడదామని పాత థర్మోస్టాట్ (ఇంటి వేడిని అదుపుచేసే, గోడ మీది పెట్టె) పీకేసి, ఏ వైరు ఎక్కడుండిందో గుర్తులేక కూర్చున్నాడు, ఇంట్లో ఏడాది బిడ్డ. కోపమొచ్చింది. నా మొదటి చలికాలం కూడా గుర్తొచ్చింది. ఆ రాత్రి వాళ్లను మా ఇంటికి తెచ్చుకున్నాం.

యాప్, వైఫై సంగతి నేను చెప్పను, అవి మీకే వస్తాయి. నా బాధంతా గోడలోని వైర్ల గురించే. బ్రేకర్ దగ్గర ఫర్నేస్‌కు, అంటే ఇల్లు వేడిచేసే యంత్రానికి, కరెంటు ఆపండి. వైర్లు ముట్టుకోకముందే, థర్మోస్టాట్ మీద ఏ అక్షరం దగ్గర ఏది ఉందో కనపడేలా ఫోటో తీయండి. రంగును నమ్మొద్దు, అంతకుముందు బిగించినవాడు ఏ రంగు వాడాడో ఎవరికి తెలుసు? ఆర్ అంటే 24 వోల్టుల కరెంటు వచ్చేది, డబ్ల్యూ హీటింగ్‌కు, వై ఏసీకి, జీ ఫ్యానుకు. కరెంటు ఆపకుండా చేస్తే, ఆర్, సీ ఒకదానికొకటి తగిలి ఫర్నేస్ బోర్డు మీది ఫ్యూజు పోవచ్చు, తమ్ముడింట్లో జరిగింది అదే.

ఇక సీ వైరు. స్మార్ట్ థర్మోస్టాట్‌కు స్క్రీన్, వైఫై ఎప్పుడూ నడవాలి కాబట్టి ఆగకుండా కరెంటు కావాలి, ఆర్‌లో వచ్చిన కరెంటు తిరిగిపోయే దారి ఈ వైరే. అది లేకపోతే కొన్ని మోడళ్లు మిగతా వైర్ల నుంచే కొంచెం కొంచెం లాక్కుని లోపలి బ్యాటరీ నింపుకుంటాయి. ఎండాకాలం మనూళ్లో కరెంటు పోతే పాత ఇన్వర్టర్ కాసేపు లాగి ఎలా ఆగిపోతుందో, ఇదీ అంతే. నాకు మూడు వారాలు బాగానే నడిచింది, జనవరిలో ఒక రాత్రి స్క్రీన్ ఆరిపోయింది. తెల్లారేసరికి ఇంట్లోనే నోట్లోంచి ఆవిరి. అడగడానికి ఎవరూ లేరు, ఫోన్లో అమ్మకు చెబితే ఆమెకూ నిద్ర లేదు.

సీ దగ్గర ఖాళీగా ఉంటే గోడ రంధ్రంలో వాడకుండా మడిచిన వైరుందేమో చూడండి. ఉంటే దాని రెండో కొసను ఫర్నేస్ బోర్డులో సీకి బిగించాలి. లేకపోతే సీ వైరు అడాప్టర్ కొనండి. లావు వైర్లు, వాటికి ప్లాస్టిక్ టోపీలు కనిపిస్తే అది 120 లేదా 240 వోల్టుల లైను కావచ్చు, ముట్టుకోకుండా మూత పెట్టేయండి. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌ను అడగండి, అడగడానికి సిగ్గెందుకు?

ఇంకోటి, సంక్రాంతికి ఊరికి పోతూ బిల్లు మిగులుతుందని హీటింగ్ పూర్తిగా ఆపొద్దు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. కనీసం 55 ఫారెన్‌హీట్ పెట్టిపోండి, అంటే మన లెక్కలో 13 డిగ్రీలు.

సరే, ఇంత చెప్పానని టెన్షన్ పడి మానుకోవద్దు. ఫోటో, సీ వైరు ఉంటే గంట పని. కుదరకపోతే పాతదే మళ్లీ బిగించుకోవచ్చు, అందుకే దాన్ని పారేయకండి. తమ్ముడి దగ్గర ఫోటో లేదు కాబట్టి, ఫర్నేస్ బోర్డు దగ్గర ఏ అక్షరానికి ఏ రంగు వైరు ఉందో చూసి మర్నాడు బిగించాం, కార్లలో వాడే లాంటి చిన్న ఫ్యూజు ఒకటి మార్చాం. ఇప్పుడు ఇల్లు 68 ఫారెన్‌హీట్‌లో ఉంది, బిడ్డ స్వెటర్ లేకుండా ఆడుకుంటోంది.